చెల్లని రిపోర్టు, లెక్కకు రాని సెషన్లు: మీ ప్యాకేజీపై ఫిర్యాదు

హైదరాబాద్

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల కోసం మీరు అమ్మిన 'పరీక్ష, 48 సెషన్లు' ప్యాకేజీలో సేవా లోపం

ఆర్యా,

మీ ప్యాకేజీ కొన్న పదకొండు కుటుంబాలు, ఆ పిల్లలకు పాఠాలు చెప్పే ఇద్దరు స్పెషల్ ఎడ్యుకేటర్లు కలిసి రాస్తున్న లేఖ ఇది. రిపోర్టులు, సెషన్ రికార్డింగులు, రసీదులు ముందు పెట్టుకునే రాస్తున్నాం. పిల్లల పేర్లు ఇందులో రాయలేదు, ఆర్డరు నంబర్లు విడి కాగితంలో జతచేశాం.

ముందు, పరీక్ష తర్వాత మీరిచ్చిన రిపోర్టు సంగతి. 'బోర్డు పరీక్షల రాయితీలకు చెల్లుతుంది' అని ప్రకటనలో రాశారు. చెల్లదు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే అధికారం ప్రభుత్వం నోటిఫై చేసిన వైద్యాధికారులది. ప్రైవేటు రిపోర్టు దానికి ఆసరా అయితే కావచ్చు. ఆ ఆసరాకైనా ఒక వరుస ఉంది. కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం మొదట చూపు, వినికిడి చూడాలి. తర్వాత ఐక్యూ పరీక్ష చేయాలి. అది 85 దాటితేనే బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ తయారుచేసిన పరీక్షల వరుస (బ్యాటరీ) లాంటి ప్రామాణిక పరీక్షలతో చదవడం, రాయడం, స్పెల్లింగు, లెక్కలు విడివిడిగా పరీక్షించాలి. చూపు మొదట ఎందుకంటే, నల్లబల్ల సరిగా కనబడని పిల్లవాడు కూడా అచ్చం ఇవే తప్పులు రాస్తాడు.

మీరు చేసిందేమిటి? ఫోన్లో 25 నిమిషాలు, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు 40, అన్నీ ఇంగ్లీషులోనే. పిల్లల చేత ఒక్క వాక్యం రాయించలేదు. రాయించకుండానే 'డిస్‌గ్రాఫియా' (రాయడంలో వైకల్యం) ఎలా తేల్చారు? ఏడు రిపోర్టుల్లో రెండో పేరా అక్షరం పొల్లు పోకుండా ఒకటే, అందులో ఒక ఆడపిల్లను 'అతడు' చేశారు. యూకేజీ పిల్లలు ముగ్గురికి డిస్లెక్సియా (చదవడంలో వైకల్యం) నిర్ధారణ అయిందని రాశారు. ధ్రువపత్రానికి అవే మార్గదర్శకాలు చెప్పిన వయసు ఎనిమిదేళ్లు, ఆపైన. అంతకు ముందు 'ముప్పు ఉంది, గమనించాలి' అనడం వరకే. కింద సంతకం 'లెర్నింగ్ ఎక్స్‌పర్ట్'ది. పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, నిపుణులను నమోదు చేసుకుని ఇచ్చే సీఆర్ఆర్ నంబరు ఏ రిపోర్టులోనూ లేదు.

ఇద్దరు పిల్లలు పదో తరగతిలో ఉన్నారు. సీబీఎస్ఈలో ధ్రువపత్రం ఉన్నవారికి మూడు గంటల పేపరుకు ఇంకో గంట ఇస్తారు. మీ రిపోర్టు సరిపోతుందని నమ్మి ఆ తల్లిదండ్రులు నాలుగు నెలలు ఆసుపత్రి ముఖం చూడలేదు. డబ్బు వాపసు ఇచ్చినా ఆ నాలుగు నెలలు రావు.

ఇక సెషన్లు. పదకొండు మందిలో ఏడుగురికి తెలుగే మొదటి భాష, అయినా 48లో 40 సెషన్లు ఇంగ్లీషు ఫోనిక్స్‌కే, అంటే అక్షరాలను శబ్దాలతో జోడించి చదివించడానికే పోయాయి. మిగిలిన ఎనిమిదింటిలోనూ ఇంగ్లీషు షీట్లకే తెలుగు ముసుగు వేశారు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు (స్మాల్ లెటర్స్) b, d ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు, అందుకే పిల్లలు తికమకపడతారు. దాన్ని 'బ-డ అభ్యాసం'గా మార్చేశారు. తెలుగు బ, డ అద్దంలో బొమ్మలని మీకెవరు చెప్పారు? మన పిల్లలు తడబడేది ద-ధ, ప-ఫ లాంటి ఒక్క గీత తేడాల దగ్గర, గుడి, గుడిదీర్ఘం దగ్గర, అన్నిటికంటే వత్తుల దగ్గర.

'బస్తీ' తీసుకోండి. గుడిదీర్ఘం 'స' నెత్తిన ఉంటుంది, పలికేది మాత్రం కింద ఉన్న 'త' తర్వాత. కంటికి కనబడిన వరుసలో చదివితే 'బసీత' అవుతుంది. రికార్డింగులో ఒక పిల్ల సరిగ్గా అలాగే చదివింది. మీ టీచరు దాన్ని 'అటెన్షన్ లోపం' అని నమోదు చేశారు. ఆ పిల్ల ధ్యాస పెట్టి చదివింది కాబట్టే అలా చదివింది.

వత్తులకు మెట్లు ఉన్నాయి. మొదట ద్విత్వాలు (అక్షరానికి అదే అక్షరం వత్తు), వాటిలోనూ వత్తు అక్షరాన్ని పోలి ఉండే అక్క, మొగ్గ, గడ్డ. తర్వాత వత్తు ఆకారం మారిపోయే అత్త, అన్న, అమ్మ, అయ్య, వెర్రి, పిల్ల. ఆ తర్వాత వేరే అక్షరం వత్తు వచ్చే 'పుస్తకం' లాంటి సంయుక్తాలు. చిట్టచివర ఒకే అక్షరానికి రెండు వత్తులుండే 'రాష్ట్రం' లాంటి సంశ్లేషాలు. ఒక్కో మెట్టు మీద ఇరవై కొత్త పదాల్లో పద్దెనిమిది తడుముకోకుండా చదివాకే పై మెట్టు ఎక్కించాలి. మీరు రెండో సెషన్లోనే 'స్వాతంత్ర్యం' ఇచ్చారు, బడి పాఠంలో ఉందని.

'వ్యక్తిగత శిక్షణ' అన్నారు. రికార్డింగుల్లో ఒక్కో తెరలో ఎనిమిది మంది ఉన్నారు. 45 నిమిషాలను ఎనిమిదితో భాగిస్తే తలా ఆరు నిమిషాలు కూడా రావు. ఏ పిల్లకూ వ్యక్తిగత విద్యా ప్రణాళిక లేదు. ప్రగతి గ్రాఫులో మీరు గీసింది యాప్‌లో లాగిన్ అయి ఉన్న నిమిషాలు. ప్యాకేజీతో పాటు అమ్మిన కిట్‌లోని రంగు ప్లాస్టిక్ షీట్లు డిస్లెక్సియాను నయం చేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా శిశువైద్య, నేత్రవైద్య సంఘాలు 2009లోనే చెప్పాయి. ఆ కిట్‌కు రూ. 3,200 తీసుకున్నారు.

పదిహేను రోజుల్లో మీరు చేయవలసినవి: పదకొండు రిపోర్టులూ లిఖితపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. ఆర్‌సీఐలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు చేత, సీఆర్ఆర్ నంబరు, దాని చెల్లుబాటు తేదీతో, ముఖాముఖి పరీక్ష మళ్లీ చేయించాలి. వద్దన్న కుటుంబానికి పరీక్ష ఫీజు పూర్తిగా తిరిగివ్వాలి. చెప్పినట్టు జరగని సెషన్ల డబ్బుతో పాటు కిట్ ధర వాపసు చేయాలి. ఈఎంఐ మీద కొన్న ఆరు కుటుంబాల విషయంలో అప్పిచ్చిన సంస్థకు మీరే డబ్బు కట్టి, బాకీ లేదన్న పత్రం తెచ్చివ్వాలి. 'సెషన్లు వాపసు కావు' అన్న మీ షరతును అడ్డం పెట్టొద్దు, చెప్పిన సేవ అందనప్పుడు ఆ షరతు మిమ్మల్ని కాపాడదు. పిల్లల వీడియోల నకళ్లు తల్లిదండ్రులకు అందజేశాక మీ దగ్గరున్నవి చెరిపేయాలి. ప్రకటనలోని 'చెల్లుతుంది' అన్న మాట మాత్రం ఈరోజే తీసేయండి, దానికి పదిహేను రోజులు అక్కర్లేదు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం. ఒక్కో కుటుంబం కట్టింది రూ. 5 లక్షల లోపే కాబట్టి అక్కడ ఫిర్యాదు రుసుము కూడా లేదు.

జత: రిపోర్టుల నకళ్లు 11, రసీదులు 11, ప్రకటన స్క్రీన్‌షాట్లు 4, రికార్డింగుల సమయ పట్టిక.

ఇట్లు,
పదకొండు కుటుంబాల తరఫున