యాప్ చేసేవాళ్ళు ఒక్కపూట మా పక్కన కూర్చోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ప్రభుత్వ ఆఫీసుల్లో కౌంటర్లు తగ్గించి సేవలన్నీ యాప్‌లలోకి మారుస్తారని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వార్త వేశారు. వాడటం రాని వాళ్ళకు అవగాహన కల్పిస్తారని కూడా అందులో ఉంది. ఆ రోజే ఉత్తరం రాయాలని కూర్చున్నాను. కోపంలో నాలుగు మాటలు ఎక్కువ పడతాయేమోనని ఆగాను. పది రోజులైనా ఆ ‘అవగాహన’ అన్న మాట మనసులోంచి పోవడం లేదు.

నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. వాట్సాప్ వాడతాను. కూరగాయల బండి దగ్గర కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపుతాను. మా వీధి మొదట్లో పూలమ్మే ఆవిడకు అక్షరం ముక్క రాదు. డబ్బు పడగానే ఆమె గంప పక్కనున్న చిన్న స్పీకర్ ఎంత పడిందో తెలుగులో చెబుతుంది, ఆమె మూర అందిస్తుంది. ఆమెకు ఏ ఆఫీసు వాళ్ళు అవగాహన కల్పించారు? అవే చేతులు, అవే కళ్ళు ఒక ప్రభుత్వ శాఖ యాప్ తెరిచేసరికి ఎందుకు తడబడుతున్నాయో అడగకుండా, లోపం మాలోనే ఉందని తేల్చేశారు.

గత నెల మా ఇంటికి సంబంధించిన ఒక దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. ఏ శాఖో రాయను, ఎందుకంటే ఇది ఒక్కరి జబ్బు కాదు. మొదట పేరు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు ఇచ్చారు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత. ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లో రాస్తే ఆధార్‌తో సరిపోలడం లేదంటుంది. ఆధార్‌లో ఉన్న వరసలోనే మొత్తం మొదటి గడిలో రాస్తే రెండోది ఖాళీగా వదలకూడదంటుంది. తెలుగు వాళ్ళ కోసం, తెలుగు గడ్డ మీద తయారైన యాప్ ఇది. ‘ఆధార్‌లో ఉన్నట్టు పేరు రాయండి’ అని ఒక్క గడి పెడితే సరిపోయేది కదా!

తర్వాత పుట్టినతేదీ. క్యాలెండర్ ఈ నెల దగ్గర తెరుచుకుంది. వెనక్కి వెళ్ళడానికి చిన్న బాణం గుర్తు, ఒక నొక్కుకి ఒక నెల. డెబ్బై రెండేళ్ళవాడు పుట్టిన నెల చేరాలంటే 864 సార్లు నొక్కాలి. నలభై దాకా నొక్కి ఆపేశాను. పైన కనిపించే సంవత్సరం అంకె మీద వేలు పెడితే ఏళ్ళ జాబితా వస్తుందని మర్నాడు పక్కింటి పిల్లవాడు చూపించాడు. అది నొక్కదగిన చోటని తెలిపే గుర్తు ఒక్కటి కూడా అక్కడ లేదు. వృద్ధాప్య పెన్షనుదారులూ, రైతులూ వాడే యాప్‌లో పుట్టిన సంవత్సరాన్ని నేరుగా టైప్ చేసుకోనివ్వకపోవడానికి కారణం ఏమై ఉంటుందో నాకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఇక తెలుగు సంగతి. భాష మార్చుకోవచ్చంటే సంతోషించాను. హోమ్ అని ఉండాల్సిన చోట ‘ఇల్లు’ అని ఉంది. నా దరఖాస్తు ఇంటి గురించే కనుక అదే అనుకుని నొక్కాను. నింపినదంతా పోయి మొదటి పేజీకి వచ్చింది. రాసింది చెరిపేసే ‘క్లియర్’ బటన్ మీద ‘స్పష్టమైన’ అని ఉంది. మిషన్ చేసిన అనువాదాన్ని తెలుగు తెలిసిన మనిషి ఒక్కరు చదివినా ఇవి మిగిలేవి కావు. పైగా ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు గీసిన గడిలో తెలుగు పోశారు. ‘స్త్రీ’ అన్న మాటకు పైన గుడిదీర్ఘం ఉంటుంది, కింద రెండు ఒత్తులుంటాయి. ఆ గడిలో పైనా కిందా తెగి మొండెం మిగిలింది. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ఒక తీరులో కూర్చి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు మొరాయించాయని పత్రికలన్నీ రాశాయి. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే సరిచేసింది. ఎక్కడో అమెరికాలో ఉన్నవాళ్ళు ఒక్క తెలుగు అక్షరం కోసం అంత త్వరపడితే, మన శాఖ యాప్‌లో ఒత్తులు తెగుతున్నాయని నేను రెండుసార్లు ఫిర్యాదు పెట్టినా చదివిన జాడ లేదు.

ఓటీపీ వచ్చింది. చూడటానికి మెసేజ్‌లోకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఫారం మళ్ళీ ఖాళీ. నాలుగోసారికి చెయ్యి వణికి, సమర్పించు బదులు పక్కనే అదే రంగులో ఉన్న రద్దు మీద పడింది. నిజంగా రద్దు చేయాలా అని ఒక్క మాట అడగలేదు. వేలు పెట్టే చోటు దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్ళకు గూగుల్ ఎప్పటినుంచో చెబుతోందట. హైదరాబాద్‌లో ఇదే పని చేసే మా అక్క మనవడు చెప్పాడు. నేను స్కేలు పెట్టి కొలిచాను. ఐదు మిల్లీమీటర్లు కూడా లేదు.

మా ఆవిడ సంగతి ఇంకా కష్టం. ముఖానికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు ఎడమ కనురెప్ప సరిగా మూతపడదు. ఎదుట ఉన్నది ఫొటో కాదు, మనిషేనని తేల్చుకోవడానికి వేరే ఒక యాప్ కెమెరా ముందు కళ్ళు ఆర్పమంది. ఆర్పగలిగినంత ఆర్పింది. విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి అని ఆరుసార్లు వచ్చింది. ఏడోసారి ఆమె ఫోన్ నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. యాసిడ్ దాడి బాధితులు ఇలాంటి ఇబ్బందితోనే సుప్రీంకోర్టుకు వెళ్తే, 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. కళ్ళు ఆర్పలేని వాళ్ళకు మరో దారి చూపాలంది. ఆ తీర్పు మా ఆవిడ ఫోన్ దాకా ఎప్పుడు వస్తుంది?

యాప్‌లు వద్దని నేను అనడం లేదు. పెన్షనర్లు బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్‌ను ఇంటి నుంచే ఇచ్చే ఏర్పాటు 2014 నవంబరులో, ముఖం చూపించే పద్ధతి 2021లో వచ్చాయి. ట్రెజరీ మెట్లు ఎక్కలేని వాళ్ళకు అది ఎంత మేలో పెన్షనర్లకు తెలుసు. మన దగ్గర 2001లోనే ఈ-సేవ వచ్చింది. కరెంటు బిల్లూ నీళ్ళ బిల్లూ ఒకే కౌంటర్లో కట్టామని ఇతర రాష్ట్రాల బంధువులకు గొప్పగా చెప్పుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. 2011లో మీసేవ. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు పెట్టారు. జనానికి అప్పటికే చేతికి అలవాటైన చోటికి ప్రభుత్వమే వెళ్ళడం మంచి ఆలోచన. ఇంత చరిత్ర ఉన్నచోట ఇలాంటి యాప్‌లు వస్తున్నాయంటే బాధేస్తుంది.

అసలు ఎవరు వాడి చూస్తున్నారు వీటిని? ఆవిష్కరణ సభలో బటన్ నొక్కే పెద్దలకు ఓటీపీ తెచ్చిపెట్టడానికి మనుషులుంటారు. ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో లెక్క చెబుతారు గానీ, ఎంతమంది సగంలో వదిలేశారో ఏ సమీక్షలోనూ చెప్పగా నేను వినలేదు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, తర్వాత యాప్‌లకూ వర్తింపజేసింది. ఆ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో!

చివరికి నేను నెట్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ నాలాంటి వాళ్ళు తొమ్మిది మంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఆ మధ్య ఫోన్ మోగేముందే హెచ్చరించేవారు కదా. అక్కడ మేమంతా ఆధార్ కార్డూ, ఫోనూ కూడా ముక్కూమొహం తెలియని కుర్రాడి చేతిలో పెట్టి వరసలో నిలబడ్డాం. మా ఇళ్ళు దోచుకునే వాళ్ళకు ఇంతకంటే సులువైన దారి ఉంటుందా? ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి సరిపోయింది. యాభై రూపాయలు తీసుకుని అరగంటలో పని చేసిపెట్టాడు. వాడుతున్న కొద్దీ అతనికి కిటుకులు తెలిశాయట.

ఐదుగురి చేత వాడించి చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లోనే రాశాడని మా అక్క మనవడే చెప్పాడు. ఐదుగురంటే ఐదుగురే. టెండర్లు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. కొత్త యాప్ వదిలే ముందు తయారు చేసిన ఇంజినీరూ, సంతకం పెట్టే అధికారీ మాలాంటి ఐదుగురి పక్కన ఒక్కపూట కూర్చోవాలి. మధ్యలో ‘అది నొక్కండి’ అని చెప్పకూడదు. చూస్తూ ఉండాలి, అంతే. అప్పటిదాకా ఉన్న కౌంటర్లు తీసేయకూడదు.

తెనాలిలో ఎక్కడ పిలిచినా నేను వస్తాను. మా ఆవిడను కూడా తీసుకొస్తాను. ఫోన్ మాదే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
తెనాలి