నైజీరియా ఎన్నికల్లో సైన్యం ఎక్కడ నిలబడుతోంది?

సంపాదకుడు గారికి,

ఆఫ్రికా దేశాల ఎన్నికల వార్త వచ్చినప్పుడల్లా మన పత్రికలు ‘సైన్యం పహారాలో పోలింగ్’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాయి. ఆ జవాన్లు ఏ చోట నిలబడ్డారో, ఎవరు అడిగితే వచ్చారో చెప్పకపోతే పాఠకుడికి ఒరిగేదేమీ లేదు. నైజీరియా సంగతే చూడండి.

అక్కడి లెక్కింపు మన పద్ధతిలో జరగదు. మన ఈవీఎంలు స్ట్రాంగ్ రూముకు వెళ్తాయి కాబట్టి మన అనుమానాలన్నీ ఆ గది చుట్టూనే. నైజీరియాలో ఓటింగ్ ముగియగానే అదే చోట, జనం కళ్లెదుటే బ్యాలెట్లు లెక్కిస్తారు. ఫలితాన్ని ఈసీ8ఏ అనే పత్రంలో రాసి, పార్టీల ఏజెంట్లకు నకళ్లిచ్చి, ఒకటి అక్కడే గోడకు అంటిస్తారు. ఇక అక్కడి నుంచి పైకి వెళ్లేది, మొత్తాలను తేల్చేది ఆ కాగితమే. వార్డులో కూడితే ఈసీ8బీ, స్థానిక ప్రభుత్వ ప్రాంతంలో ఈసీ8సీ, రాష్ట్రంలో ఈసీ8డీ, ఆపైన రాజధాని అబుజా. 1.76 లక్షల పైచిలుకు పోలింగ్ కేంద్రాల అంకెలు 8,809 వార్డుల్లో, 774 స్థానిక ప్రాంతాల్లో ఇలా కూడుకుంటూ పోవాలి. దొంగతనం చేయదలచినవాడికి పోలింగ్ కేంద్రం కన్నా ఈ కూడికలు జరిగే గది చాలా చవక.

సైన్యం అవసరం లేదని కాదు. బ్యాలెట్లు, ఫలితాల పత్రాలు కేంద్ర బ్యాంకు రాష్ట్ర శాఖల్లో భద్రపడి, పార్టీల సమక్షంలో బయటికి తీసి, ముందురోజు రాత్రికల్లా వార్డు స్థాయి కేంద్రాలకు చేరాలి. బోర్నో, జాంఫరా వంటి రాష్ట్రాల్లో తీవ్రవాదులు, బందిపోట్లు ఉన్న దారుల్లో పోలీసు జీపు ఒక్కటే సరిపోదు. 2014 ఎకిటి రాష్ట్ర గవర్నరు ఎన్నికలో సైన్యాన్ని వాడిన తీరుపై గొడవ కోర్టులకెక్కింది. ఆ తర్వాత 2015లో ఎన్నికల చట్టాన్ని సవరించి హద్దు గీశారు: సామగ్రి తరలింపు, సిబ్బంది రక్షణ, ఈ రెండింటికే ఎన్నికల సంఘం సైన్యాన్ని అడగాలి. 2022 చట్టం 27వ సెక్షన్‌లోనూ అదే నిబంధన. హద్దు బాగానే ఉంది. కానీ దాన్ని దాటిన జవానును వెనక్కి పిలవగలిగేది ఎన్నికల సంఘం కాదు, అతని పై అధికారి. ఆ వరుసలో అందరికన్నా పైన ఉండే సర్వసైన్యాధ్యక్షుడు దేశాధ్యక్షుడే. రెండోసారి పోటీ చేస్తుంటే అభ్యర్థి కూడా ఆయనే. మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసులు ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే. తేడా అక్కడుంది.

2019 మార్చి 9న రివర్స్ రాష్ట్రంలో గవర్నరు ఎన్నిక జరిగింది. మర్నాడే ఎన్నికల సంఘం ప్రక్రియ మొత్తాన్ని నిలిపేసింది. కొందరు సైనికులు, సాయుధ ముఠాలు కూడిక కేంద్రాల్లోకి చొరబడ్డారని, అధికారులను బెదిరించారని సంఘం వేసిన నిజనిర్ధారణ కమిటీయే తేల్చింది. విజేతను ప్రకటించేసరికి ఏప్రిల్ 3 వచ్చింది. గవర్నరు ఎన్నికకు రెండు వారాల ముందు, అధ్యక్ష ఎన్నిక రోజున, అదే రాష్ట్రంలోని అబొన్నెమాలో ఘర్షణ జరిగి ఒక సైనికాధికారితో పాటు పౌరులూ చనిపోయారు.

తుపాకీ బయటికి తీయకుండానే ఎన్నికను కదిలించవచ్చని చూపింది 2015. ఫిబ్రవరి 14న అధ్యక్ష ఎన్నిక జరగాల్సి ఉండగా, ఈశాన్యంలో బోకో హరామ్ తీవ్రవాదులపై ఆరు వారాల దాడులు చేపడుతున్నామని, ఎన్నికలకు భద్రత ఇవ్వలేమని సైన్యాధిపతులు చెప్పేశారు. సంఘం ఛైర్మన్ అత్తాహిరు జేగాకు వాయిదా తప్ప దారి మిగల్లేదు. ఎన్నిక మార్చి 28కి మారింది. ఆ గడువు అధికార పక్షానికి కలిసొస్తుందనుకున్నవాళ్ల అంచనా తప్పి, అప్పటి అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ ఓడిపోయారు. గెలిచిన ముహమ్మదు బుహారీ 1983 సైనిక కుట్రతో గద్దెనెక్కిన మాజీ జనరల్ కావడం మరో విడ్డూరం.

కాబట్టి వచ్చే ఎన్నికకు మీ విలేకరులు అడగాల్సినవి ఇవి: సైన్యం కావాలని ఎన్నికల సంఘం రాతపూర్వకంగా అడిగిందా? ఏ దళం, ఏ దారిలో, ఎన్నాళ్లు? కూడిక కేంద్రం గుమ్మం దగ్గర ఉన్నది పోలీసా, సైనికుడా? పార్టీ ఏజెంట్లు తమ ఈసీ8ఏ నకళ్లతో లోపలికి వెళ్లగలిగారా? ఏజెంటు బయట ఆగిపోతే లోపల చదివే అంకెను సరిచూసేవాడే ఉండడు. పోలింగ్ కేంద్రాల పత్రాల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టే ఏర్పాటు వచ్చింది నిజమే, కానీ 2023లో అధ్యక్ష ఎన్నిక పత్రాలు సమయానికి ఎక్కనే లేదు.

తర్వాత కోర్టులో చూసుకుంటారులే అనడానికీ వీల్లేదు. ఫలితం ప్రకటించిన 21 రోజుల్లో పిటిషన్ వేయాలి, వేసిన 180 రోజుల్లో తీర్పు రావాలి. నైజీరియాలో ఇంతవరకు ఏ అధ్యక్ష ఎన్నికనూ కోర్టు రద్దు చేయలేదు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్