పాత కారును ఒక్కసారిగా విప్పేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత అమెరికన్ మజిల్ కార్లను, అంటే మధ్యరకం బాడీలో పెద్ద ఇంజిన్ పెట్టి అమ్మిన కార్లను, ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయం మీద తెలుగులో ఎవరైనా రాయడమే అరుదు కాబట్టి సంతోషం వేసింది. కానీ అందులో "ముందు కారును చివరి బోల్టు దాకా విప్పేయండి, తర్వాత ఒక్కో భాగం కొత్తదానిలా చేసి బిగించుకుంటూ రండి" అని ఒక సలహా ఇచ్చారు చూడండి, ఈ ఉత్తరం దాని గురించే. లిఫ్టులు, పెయింటు బూత్, రోజంతా అదే పని చేసే మనుషులు ఉన్న వర్క్‌షాపుకు ఆ పద్ధతి సరే. ఉద్యోగం నుంచి వచ్చి, పిల్లలు పడుకున్నాక రాత్రి ఓ గంటన్నర షెడ్డులో గడిపేవాడు అలా చేస్తే మాత్రం చాలాసార్లు ఆ కారు మళ్లీ రోడ్డెక్కదు. నా దగ్గర షెవర్లే కంపెనీ 1966 షెవెల్ ఒకటి ఉంది, దాని మీద నేను పనిచేసేది కూడా ఇలాంటి మిగిలిన వేళల్లోనే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ముందు చిన్న సవరణ. 1972లో ఈ కార్ల పవర్ ఉన్నట్టుండి పడిపోయిందని రాశారు, అది సగమే నిజం. 1971 దాకా అమెరికన్ కంపెనీలు ప్రచారం చేసుకున్న హార్స్ పవర్ గ్రాస్ లెక్క, అంటే ఇంజిన్‌ను బయట స్టాండు మీద పెట్టి సైలెన్సర్, ఫ్యాను లాంటివేవీ తగిలించకుండా కొలిచిన అంకె. 1970 షెవెల్‌లో వచ్చిన 454 క్యూబిక్ అంగుళాల ఎల్‌ఎస్6 ఇంజిన్‌కు 450 అని చెప్పుకున్నది ఆ లెక్కలోనే. 1972 నుంచి అవన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్క వచ్చేసరికి కాగితం మీద అంకె దభాలున పడింది. పవర్ అసలే తగ్గలేదని కాదు, షెవర్లే, పాంటియాక్‌ల మాతృసంస్థ జనరల్ మోటార్స్ 1971 మోడళ్లలోనే కంప్రెషన్ (సిలిండర్లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కే మోతాదు) తగ్గించేసింది, ఆపైన కాలుష్య నిబంధనలు, మోయలేని ఇన్సూరెన్స్, 1973 చమురు సంక్షోభం అన్నీ కలిసి ఆ తరం కార్ల కథ ముగించాయి.

అసలు విషయానికొస్తే, 1964లో పాంటియాక్ జీటీఓ చూపించిన దారి ఏమిటి? మధ్యరకం బాడీలో పెద్ద కారుకు పెట్టే 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ కూర్చోబెట్టి కుర్రాళ్లకు అందే ధరకు అమ్మడం. యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు దీన్ని దాచుకుంటారని అప్పుడు ఎవరూ అనుకోలేదు, రేకు తుప్పు పట్టకుండా చూసే పద్ధతులు కూడా అప్పటికి అంతంతమాత్రమే. అందుకే ఈ కార్లకు అసలు రోగం ఇంజిన్‌ది కాదు, తుప్పుది. కొనేవాళ్లు మాత్రం బోనెట్ ఎత్తి ఇంజిన్ చూసి మురిసిపోతారు. ఇంజిన్ ఎంత పాడైనా దారి ఉంది, స్మాల్ బ్లాక్ షెవీకి, అంటే షెవర్లే వాళ్ల చిన్న సైజు వీ8 ఇంజిన్‌కు, దొరకని పార్టు అంటూ దాదాపు లేదు. వెనక చక్రం పైనుండే క్వార్టర్ ప్యానెల్ లోపల్నుంచి తినేసి ఉంటే మాత్రం మీ ఆదివారాలన్నీ అక్కడే పోతాయి. ఒక అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టి, చక్రాల పైఅంచుల వెంట, తలుపుల కింద మెల్లగా జరుపుతూ వెళ్లండి, అతుక్కుంటూ అతుక్కుంటూ ఒకచోట జారిపోయిందంటే ఆ పెయింటు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. తర్వాత కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే కౌల్‌లో ఆకులు చేరి నీళ్లు నిలిచి, అక్కడ చిల్లుపడి నీరంతా డ్రైవరు కాళ్ల దగ్గరికి దిగుతుంది, కాబట్టి కౌల్ సంగతి తేల్చకుండా ఫ్లోరు మార్చినా మళ్లీ పోతుంది. పైకప్పుకు వినైల్ అతికించిన మోడలైతే వెనక అద్దం మూలలు తప్పకుండా తడిమి చూడాలి.

ఇక విప్పడం సంగతి. విప్పడం చాలా తేలిక, రెండు సెలవు రోజులు దొరికితే సగం కారు నేల మీద ఉంటుంది, పని బ్రహ్మాండంగా సాగుతున్నట్టు కూడా అనిపిస్తుంది. కష్టం అంతా బిగించేటప్పుడు. ఉదాహరణకు ఫెండరుకూ బోనెట్‌కూ మధ్య సందు సమంగా రావడానికి ఫ్యాక్టరీలో బోల్టుల కింద పలచని రేకు బిళ్లలు, షిమ్ములు, పెట్టేవాళ్లు, ఒకచోట ఒకటి ఉంటే పక్కన మూడు ఉండొచ్చు, ఇంకోచోట అసలు ఉండకపోవచ్చు. విప్పిన రోజే ఆ బోల్టునూ బిళ్లలనూ ఒక చిన్న జిప్ కవర్లో వేసి ఏ వైపు, ఎన్నో బోల్టు అని రాసి పెట్టకపోతే, రెండేళ్ల తర్వాత డబ్బా తెరిచినప్పుడు అవన్నీ ఒకేలా ఉంటాయి. ఈలోపు ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, ఎవరికో ఒంట్లో బాగుండదు. పాత కార్ల అమ్మకం ప్రకటనలు చూడండి, "పని ముప్పావు వంతు అయిపోయింది, మిగతా పార్టులన్నీ డబ్బాల్లో ఉన్నాయి" అనే మాట ఎన్నిసార్లు కనిపిస్తుందో. అలాంటి కారును కొనేవాడు ఆ డబ్బాల్లో ఏది లేదో తెలియక భయపడతాడు, అందుకే తుప్పు పట్టినా పూర్తిగా ఉన్న కారు కంటే అదే చవగ్గా పోతుంది.

అందుకని నేను చెప్పేది ఒక్కటే, కారు ఎప్పుడూ తన చక్రాల మీద తాను కదిలే స్థితిలో ఉండాలి. ఒక భాగం విప్పండి, బాగుచేయండి, బిగించండి, నడిపి చూడండి, ఆ తర్వాతే ఇంకోటి ముట్టుకోండి. విడిగా ఛాసిస్ ఫ్రేము లేకుండా బాడీయే బరువంతా మోసే, మోనోకాక్ బాడీ ఉన్న మస్టాంగ్ లాంటి కార్లకైతే ఇది ఓపిక సంగతే కాదు, ఫ్లోరు రెండు వైపులా ఒకేసారి కోసేస్తే బాడీ వంగిపోయి తలుపులు మళ్లీ సరిగ్గా పడవు, లోపల ఇనుప గొట్టాలతో ఆసరా కట్టి ఒక్కో వైపు చేసుకోవాల్సిందే. ఛాసిస్ ఫ్రేమే తుప్పుతో చిల్లులు పడి ఉంటే అది వేరే సంగతి, అప్పుడు బాడీ పైకి లేపక తప్పదు. ఆ స్థాయి కారును ఖాళీ వేళల పనిగా పెట్టుకోవద్దనే నా సలహా.

ఏది ముందు అంటే బ్రేకులు, ఇందులో రెండో మాట లేదు. 1967కు ముందు మోడళ్లలో చాలావాటికి మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకులకు ఆయిల్ నెట్టేది) ఒకే సర్క్యూట్, ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి, పెడల్ నేలకు అంటుకుంటుంది. నాది 1966ది కాబట్టి మొదట చేసిన పని రెండు సర్క్యూట్లుండే డ్యూయల్ మాస్టర్ సిలిండర్ వేయడమే. ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే ఉంచాలనే పట్టుదల ఉన్నవాళ్లకు ఇది నచ్చదు, నచ్చకపోతే పోనీ. రబ్బరు హోసులు పైకి శుభ్రంగా కనిపిస్తాయి కానీ లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటుంది, పెడల్ వదిలినా ప్రెషర్ వెనక్కి రాక ఆ చక్రం పట్టేసి వేడెక్కుతుంది, జనం డ్రమ్ము విప్పి షూలు మార్చి మార్చి విసిగిపోతారు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును ఎయిర్ కొట్టి ఊదకండి, ఆ కాలం షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి కవర్లో మూటకట్టి పారేయాలి.

తర్వాత పెట్రోలు దారి. ఏళ్ల తరబడి నిలిచిన పెట్రోలు వార్నిష్ వాసన కొడుతూ జిగటగా మారి కార్బురేటర్ రంధ్రాలన్నీ మూసేస్తుంది, ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ ఏమో పాత రబ్బరును తినేస్తుంది, అంచేత హోసులన్నీ కొత్తవి వేయక తప్పదు. ట్యాంకుకు చిల్లు కనిపిస్తే ఖాళీగానే ఉంది కదా అని వెల్డింగ్ పెట్టేవాళ్లున్నారు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే నిండు ట్యాంకు కంటే ప్రమాదం. కొత్త ట్యాంకు దొరుకుతుంది, కొనుక్కోండి.

బిగుసుకుపోయిన ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పే ప్రయత్నం చేయకూడదు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలోకి పట్టు వదిలించే నూనె పోసి కొన్నాళ్లు వదిలేసి, క్రాంక్ బోల్టుకు పొడుగు పానా వేసి చేత్తో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపాలి. సీసం లేని పెట్రోలు వల్ల వాల్వ్ సీట్లు అరిగిపోతాయని కొందరు మొదటి రోజే టెన్షన్ పడతారు, అప్పుడప్పుడూ మెల్లగా నడిపే కారుకు అది తొందర విషయం కాదు, ఎప్పుడో హెడ్లు ఎలాగూ దిగుతాయి, గట్టి సీట్లు అప్పుడు వేయించుకోవచ్చు. ఇంజిన్ ఆయిల్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి, ఈ ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ మీద రాసుకుంటూ వాల్వులను కదిపే ఫ్లాట్ ట్యాపెట్లు ఉంటాయి, జింక్ తగ్గించిన నేటి ఆయిళ్లతో కామ్‌షాఫ్ట్ అరిగిపోవచ్చు, జింక్ ఎక్కువున్నది చూసి పోయాలి.

వైరింగ్ గురించి ఎక్కువ చెప్పను. ముందు ఓనర్లు మెలిపెట్టి టేపు చుట్టిన తీగలు కనిపిస్తే వాటిని బాగుచేస్తూ కూర్చోకుండా కొత్త హార్నెస్, అంటే తీగల కట్ట మొత్తం, వేసేయండి.

పెయింటు అన్నిటికంటే చివర, అది కూడా ఇంట్లో వద్దు. హార్డెనర్ కలిపే టూ ప్యాక్ పెయింట్లలో ఐసోసైనేట్లు ఉంటాయి, వాటి తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆస్తమా పట్టుకుంటుంది, మామూలు మాస్కు అడ్డుకోలేదు. రేకు పని, పుట్టీ, గంటలకొద్దీ సాండ్ పేపర్ రుద్దడం ఇవన్నీ మనం చేసుకుని (పాత పెయింటులో సీసం ఉంటుంది కాబట్టి తడిపి రుద్దాలి), ఆ చివరి స్ప్రే బూత్ ఉన్నవాళ్లకు అప్పజెప్పడం మేలు. అప్పటిదాకా కారు మూడు రంగుల్లో ఉంటుంది, ఉండనివ్వండి.

కారుతో పుట్టిన ఇంజినే ఉండాలా అనే వాదన మీ వ్యాసంలో కూడా వచ్చింది. 1968 నుంచి అమెరికన్ కార్ల ఇంజిన్ బ్లాకుల మీద కారు సీరియల్ నంబరులో కొంత భాగం కొట్టేవాళ్లు, అది కారు నంబరుతో సరిపోతే ఆ బ్లాకు పగిలినా సరే పారేయకుండా ఒక మూల పెట్టుకోండి, వేరే ఇంజిన్ వేసి నడుపుకోండి. సరిపోకపోతే ఇంకా హాయి, భయం లేకుండా నచ్చినట్టు చేసుకోవచ్చు. నంబరు చెరిపి కొత్తగా కొట్టించి అమ్మేవాళ్లు కూడా ఉన్నారని మాత్రం కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొక్క ఫిర్యాదు. మీరు వేసిన మూడో ఫోటోలో ఒక కుర్రాడు కారు కింద పడుకుని గేర్‌బాక్స్ విప్పుతున్నాడు, కారు నిలబడింది ఒక్క హైడ్రాలిక్ జాకీ మీద. లోపల సీల్ పోతే ఆ జాకీ క్షణంలో దిగిపోతుంది. ఫ్రేము కింద రెండు వైపులా జాక్ స్టాండ్లు పెట్టి, కారును చేత్తో ఊపి చూసి, చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టాకే కిందకు దూరాలి. ఆ ఫోటో చూసి అలాగే చేసేవాళ్లు ఉంటారు కాబట్టి వచ్చే ఆదివారం నాలుగు లైన్ల సవరణ వేయండి, హార్స్ పవర్ సంగతికి చోటు లేకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు