శనివారం వచ్చే ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు థాంక్స్

హైదరాబాద్‌లో మేధో వైకల్యం ఉన్న మా పిల్లల కోసం తల్లిదండ్రులమే కలిసి ఓ చిన్న సెంటర్ నడుపుకుంటున్నాం. పిల్లలని అలవాటుగా అంటాం గానీ అందరూ పద్దెనిమిది దాటినవాళ్లే. స్పెషల్ స్కూల్ అయిపోయాక టీవీ ముందు కూర్చోవడమే మిగిలితే, ఇలా పెట్టుకున్నాం. కవర్లు అంటిస్తారు, ప్రమిదలకు రంగులేస్తారు.

డిసెంబర్ 3న దివ్యాంగుల దినోత్సవానికి వచ్చి, పండ్లు పంచి, ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లను చాలామందిని చూశాం. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) తరఫున కాలేజీ నుంచి వచ్చిన మీరూ అంతేననుకున్నాం. కానీ వచ్చిన రోజే మా వాడి పేరు నన్ను కాకుండా వాడినే అడిగారు. వాడికి మాట రావడానికి టైమ్ పడుతుంది. ఆగారు. ఇరవై మూడేళ్ల మనిషి ఎదురుగా ఉంటే బంధువులే నావైపు తిరిగి "బాబు భోంచేశాడా?" అంటారు మరి.

ఆ తర్వాత బోచీ మొదలుపెట్టారు. స్పెషల్ ఒలింపిక్స్‌లో ఉన్న ఆటే. ముందు ఒక చిన్న బంతి వేసి, దానికి ఎవరి బంతి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింట్. యూనిఫైడ్ పద్ధతిలో మీరూ మావాళ్లూ ఒకే టీమ్. జాలిపడి కావాలని ఓడిపోలేదు చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఓసారి ఓడిపోయి మా వాడు మీలో ఒకరి మీద అలిగాడు. వారమంతా ఆ అబ్బాయి గురించే గొణుగుడు. శనివారం రాగానే వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఇంట్లోవాళ్లతో కాక బయటివాళ్లతో వాడు అలగడం, కలిసిపోవడం నేను చూడటం అదే మొదలు.

కాగితాల పనీ మీరే చూశారు. దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుల దరఖాస్తులు, లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమా ఫారాలు ఓపిగ్గా నింపారు. పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులైనా చట్టప్రకారం సంరక్షకులుగా గుర్తింపు తెచ్చుకోవాలని మాలో కొందరికి మీరు చెబితేనే తెలిసింది.

ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్‌కు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలట కదా. అవి ఎప్పుడో అయిపోయినవాళ్లూ ఇంకా వస్తూనే ఉన్నారు. మీ అందరికీ, పంపిస్తున్న మీ అమ్మానాన్నలకూ, మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ గారికీ మా అందరి తరఫున కృతజ్ఞతలు.

ఒక్క మాట. ఫైనల్ ఇయర్ వాళ్లు వెళ్లేలోపు జూనియర్లను వెంటబెట్టుకుని నాలుగైదు వారాలు రండి. కొత్త ముఖాలు అలవాటు కావడానికి మావాళ్లకు కాస్త టైమ్ కావాలి. ముందు పరీక్షలు బాగా రాయండి.