పార్టు వచ్చేదాకా మా ప్రాణాలకు ఎవరు పూచీ?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. మా కారులోని టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌లో లోపం ఉంది, మార్చాలి అంటూ కార్ల కంపెనీ రీకాల్ (లోపమున్న కార్లను వెనక్కి పిలిచే) ఉత్తరం పంపింది. షోరూమ్‌లో అడిగితే పార్టు రాలేదు, వచ్చాక ఫోన్ చేస్తామంటారు. ఆ ఫోన్ రాదు. నా భార్య రోజూ ఆ స్టీరింగ్ ముందే కూర్చుంటుంది. ఇల్లు చేరేదాకా నాకు టెన్షనే.

ఎయిర్‌బ్యాగ్‌ను గ్యాస్‌తో నింపే ఆ ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు పాడవుతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇన్‌ఫ్లేటరే పగిలి, లోహపు ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. కాకినాడ, మచిలీపట్నం ఎండలూ ఉక్కపోతా మీకు తెలియనివి కావు. ముందు మార్చాల్సింది ఇలాంటి ఊళ్లలోని పాత కార్లకే కదా!

మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణతో రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. ఉత్తరం పంపితే సరిపోతుందా? రిపేరుకు గడువు పెట్టండి. గడువు దాటితే కంపెనీయే వేరే కారు ఇచ్చేలా ఆదేశించండి.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక కారు యజమాని