కాఫీ యంత్రానికి కావలసింది 9 బార్లు, అమ్ముతున్నది 15

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గృహోపకరణాల ప్రకటనలలో మిక్సీలు, ఫ్రిజ్‌ల సరసన ఈ మధ్య ఎస్ప్రెస్సో యంత్రాలు, అంటే మెత్తటి కాఫీ పొడి గుండా వేడి నీటిని ఒత్తిడితో పంపి చిక్కటి కాఫీ తీసే యంత్రాలు కూడా కనిపిస్తున్నాయి. వాటి పెట్టెల మీద అన్నింటికంటే పెద్ద అక్షరాలలో ఉండే మాట ‘15 బార్లు’. బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం. కొన్నింటి మీద ‘20 బార్లు’ అని కూడా ఉంటుంది. ఆ అంకె ఎంత పెద్దదైతే కాఫీ అంత చిక్కగా వస్తుందని కొనేవారు నమ్ముతున్నారు, అమ్మేవారు నమ్మిస్తున్నారు. ఆ నమ్మకం తప్పని, దానివల్ల మంచి యంత్రం మీద పెట్టిన డబ్బు, మంచి గింజ మీద పెట్టిన డబ్బు రెండూ దండగ అవుతున్నాయని మీ పాఠకులకు తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా టిప్పర్ లారీల హైడ్రాలిక్ పంపులు బాగుచేసే పనిలో ఉన్నవాడిని. పంపు రేకు మీద రాసి ఉండే ఒత్తిడి వేరు, పనికి వాడే ఒత్తిడి వేరు అన్న సంగతి మా దగ్గర పనిలో చేరిన కుర్రవాడికి మొదటి నెలలోనే తెలుస్తుంది. రేకు మీద ఉండేది పంపు ఎంతవరకు ఇవ్వగలదన్న లెక్క మాత్రమే. లారీ తొట్టి లేవడానికి ఎంత కావాలో చూసుకుని, అంతకు మించిన నూనె వెనక్కి ట్యాంకులోకి పోయేలా రిలీఫ్ వాల్వు బిగిస్తాము. ఇంట్లో వాడే కాఫీ యంత్రం లోపల ఉన్నదీ అదే ఏర్పాటు. నూనె బదులు నీళ్లు, ఇనుము బదులు చిన్న ఇత్తడి వాల్వు, అంతే తేడా.

ఎస్ప్రెస్సోకు నీరు పొడి మీద సుమారు 9 బార్ల ఒత్తిడితో పడాలి. కారు టైరుకు పెట్రోలు బంకులో 32 పాయింట్లు గాలి పట్టిస్తే అది 2 బార్ల పైచిలుకు. కుక్కరు విజిల్ వేసేటప్పుడు లోపల పెరిగే ఒత్తిడి దాదాపు 1 బార్. కాబట్టి 9 బార్లన్నది ఏమంత తక్కువ ఒత్తిడి కాదు. తొలినాటి ఇటలీ యంత్రాలు ఆవిరి బలం మీద నడిచేవి కనుక వాటి ఒత్తిడి 2 బార్లు దాటేది కాదు. ఇటలీకి చెందిన అకిల్లె గాజ్జియా 1938లో కొత్త పద్ధతికి పేటెంటు కోరి, యుద్ధం ముగిశాక స్ప్రింగు లీవరు యంత్రాలు తెచ్చినప్పటి నుంచి ఒత్తిడి 8, 9 బార్ల దగ్గరకు చేరింది. 1961లో వచ్చిన ఫేమా ఇ61 యంత్రం చేతి లీవరు పనిని విద్యుత్ పంపుకు అప్పగించింది. హోటళ్లలోని పెద్ద యంత్రాలను నేటికీ 9 బార్ల దగ్గరే అమర్చుతున్నారు.

మరి పెట్టె మీద ఆ 15 ఎక్కడి నుంచి వచ్చింది? ఇళ్లలో వాడే యంత్రాలలో చాలావరకు ఉండేది వైబ్రేషన్ పంపు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద దానిలోని చిన్న పిస్టన్ సెకనుకు 50 సార్లు కొట్టుకుంటుంది. నీరు ధారాళంగా పోతున్నప్పుడు ఆ పంపు ఇచ్చే ఒత్తిడి తక్కువగా ఉంటుంది, దారి మూసుకుపోయే కొద్దీ పెరుగుతుంది. దారి పూర్తిగా మూసినప్పుడు చేరగల పై అంచును ప్రకటనలో వేస్తున్నారు. పంపు నిజంగా అంత ఇవ్వగలదు కనుక దానిని అబద్ధమని నేను అనను. అయితే పొడి మీద ఎంత ఒత్తిడి పడుతుందన్నది కొనేవారికి చెప్పకపోవడం తప్పు.

మా అబ్బాయి నిరుడు ఇలాంటి యంత్రమే కొని తెచ్చాడు. రెండు నెలలపాటు ఏ రోజు కాఫీ ఆ రోజు ఒక రుచిగా ఉండేది. ధార మొదట నల్లగా మొదలై, పది పన్నెండు సెకన్లకే పాలిపోయి ఒక పక్కకు చిమ్మేది. నోట్లో పోసుకుంటే చేదు, పులుపు రెండూ ఒకేసారి తగిలేవి. అరకు లోయలో పండి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరబికా గింజనే వాడుతున్నా, ఇంట్లో అందరమూ గింజనే తప్పుపట్టాము. దుకాణంలో అడిగితే, “పదిహేను బార్ల మిషన్ అండీ, స్ట్రాంగ్‌గానే వస్తుంది” అన్నారు. మరమ్మతుకు వచ్చిన కుర్రవాడి సంచిలో ప్రెషర్ గేజి లేదు.

దానితో ఆటోనగర్‌లో తెలిసిన దుకాణం నుంచి 16 బార్ల వరకు చూపే గేజి ఒకటి, దానిని హ్యాండిల్‌కు కలపడానికి సరిపడే ఇత్తడి రెడ్యూసరు ఒకటి తెచ్చాను. పొడి నింపే హ్యాండిల్‌కు అడుగున ఉన్న మూతి విప్పి, మరకు టెఫ్లాన్ టేపు చుట్టి గేజి బిగించాను. హ్యాండిల్‌లో పొడి పోసే చిల్లుల గిన్నెను ఖాళీగా ఉంచి పంపు వేస్తే ముల్లు 13 దాటి ఆగింది. కారణం అర్థమైంది. మెత్తటి పొడిని ఆ ఒత్తిడితో అదిమినప్పుడు, పొడి పలచగా ఉన్న చోట నీరు చీల్చుకుని దారి చేసుకుంటుంది. గట్టుకు గండి పడితే నీరంతా ఆ ఒక్క దారినే పోయి తక్కిన చేను ఎండిపోయినట్టే, గండి పడిన చోట పొడి అతిగా పిండబడి చేదు దిగుతుంది, మిగతా చోట్ల సారం సరిగా దిగక పులుపు మిగులుతుంది.

ప్లగ్గు తీసి, యంత్రం పూర్తిగా చల్లారాక మూత విప్పాను. పంపు దాటగానే ఇత్తడి వాల్వు, దాని నుంచి నీళ్ల తొట్టిలోకి తిరిగి వెళ్లే సన్నని సిలికాన్ గొట్టం కనిపించాయి. వాల్వు తల మీది మరను కుడికి తిప్పితే లోపలి స్ప్రింగు బిగిసి ఒత్తిడి పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. నేను పావు చుట్టు చొప్పున ఎడమకు వదులు చేస్తూ, ప్రతిసారీ మూత పెట్టి, పది సెకన్లకు మించకుండా పంపు వేసి గేజి చూశాను. నాలుగోసారికి ముల్లు 10 దగ్గర నిలబడింది, సిలికాన్ గొట్టంలోంచి నీరు సన్నగా తొట్టిలోకి జారడం కంటికి కనబడింది. 9 దగ్గర కాక 10 దగ్గర ఎందుకు ఆపానంటే, దారి మూసి ఉన్నప్పుడు పంపు తోడిన నీరంతా వాల్వు గుండానే పోవలసి వస్తుంది. కాఫీ దిగేటప్పుడు కొంత నీరు పొడిలోకి పోయి వాల్వు మీద భారం తగ్గుతుంది కనుక, పొడి మీద పడేది సుమారు 9కి దిగుతుంది. మర్నాడు ఉదయం అదే గింజ, అదే మరపట్టు, 18 గ్రాముల పొడి. 28 సెకన్లలో 36 గ్రాముల కాఫీ తేనె ధారలా దిగింది. చేదు ఉంది కానీ కాఫీకి ఉండవలసిన చేదే ఉంది.

ఇది చదివి వెంటనే స్పానరు పట్టుకోవద్దని పాఠకులను కోరుతున్నాను. ముందుగా పొడి గిన్నె అడుగు చూడండి. జల్లెడలా ఎన్నో రంధ్రాలు కాక, బయటి వైపు ఒకే ఒక్క సూది బెజ్జం ఉంటే అది రెండు పొరల గిన్నె. అందులో నురగను పుట్టించేది ఆ బెజ్జమే కనుక వాల్వు సవరించినా పెద్ద తేడా తెలియదు. పొడి ముతకగా ఉంటే నీరు ఆగకుండా జారిపోయి ఒత్తిడి 9 వరకు రానే రాదు, కాబట్టి వాల్వు కంటే మరపట్టు ముందు. మనం డికాక్షన్‌కు వాడే చికోరీ కలిపిన పొడి ఫిల్టరులో బాగుంటుందేమో కానీ, ఇక్కడ జిగటగా పట్టేసి రంధ్రాలను మూసేస్తుంది. బోరు నీరు పోసేవారి యంత్రాలలో ఉప్పు పేరుకుని వాల్వు అతుక్కుపోతుంది, అటువంటప్పుడు ముందు దానిని శుభ్రం చేయించాలి. చవక యంత్రాలు కొన్నింటిలో సవరించే మరే ఉండదు. వారంటీ ఉన్నవారు తామే మూత విప్పితే ఆ హక్కు పోవచ్చు. ఆవిరికి ఉండే సేఫ్టీ వాల్వు వేరు, దానిని ఎవరూ ముట్టుకోరాదు. గేజి బిగించి ఉన్నా, పొడితో ఉన్నా, ఒత్తిడి దిగక ముందే హ్యాండిల్ విప్పితే మరిగే నీరు, పొడి ముఖం మీదకు చిమ్ముతాయి.

ఇంత పని కొనుక్కున్న మనిషి నెత్తిన ఎందుకు పడాలన్నదే నా ప్రశ్న. గేజి పెట్టి వాల్వు సవరించడం తెలిసిన చేతికి అరగంట పని. యంత్రాన్ని ఇంటికి చేర్చిన రోజే సర్వీసు మనిషి ఆ కొలత తీసి, కాగితం మీద రాసి ఇవ్వాలి. పెట్టె మీద పంపు సామర్థ్యంతో పాటు, అంతే పెద్ద అక్షరాలతో, కాఫీ దిగే ఒత్తిడి ఎంతకు అమర్చారో వేయాలి. దానిని సవరించే వీలుందో లేదో తెలుగులో ఒక్క వాక్యం రాస్తే చాలు. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటన కిందకే వస్తుందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ 15, 20 బార్ల ప్రకటనలను ఒకసారి పరిశీలించాలని కోరుతున్నాను. వేల రూపాయలు పెట్టి కొన్నవారికి అడిగే హక్కు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

వాల్వు, గొట్టం, గేజి ఎక్కడెక్కడ ఉంటాయో చూపే చిన్న బొమ్మ ఒకటి మీ గృహోపకరణాల పేజీలో వేస్తే ఎందరికో ఉపయోగపడుతుంది. మీరు సరేనంటే నేనే గీసి పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ.