చిన్నాకి, 54వ మసాచుసెట్స్ గురించి

చిన్నా,

ఆదివారం ఫోన్లో సగంలో ఆగిపోయాం కదా, నీకు బస్సొచ్చేసింది. మిగతాది ఉత్తరంలోనే రాద్దామనుకున్నా, ఎందుకంటే నువ్వు 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ ఫోర్ట్ వాగ్నర్ కోట మీద చేసిన దాడి గురించే అడిగావు, అందరూ అదే అడుగుతారు, ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను కదా, పిల్లలు కూడా యుద్ధం అనగానే ఎంతమంది పోయారు టీచర్, ఎవరు గెలిచారు అనే అడిగేవాళ్ళు. నాకు మాత్రం ఆ దాడి కంటే, జీతం లేకుండా పద్దెనిమిది నెలలు వాళ్ళు చేసిందే పెద్దదనిపిస్తుంది. అది చెప్పాలనే ఇంత రాస్తున్నా, ఓపిగ్గా చదువు నాన్నా.

ముందు ఒక సంగతి. 1861లో అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైనప్పుడు దేశం రెగ్యులర్ ఆర్మీ చాలా చిన్నది, పదహారు వేల మంది దాకా, అంతే. అందుకని లింకన్ రాష్ట్రాలని అడిగాడు, ఒక్కో రాష్ట్రం తన ఊళ్ళ నుంచి మనుషుల్ని పోగేసి రెజిమెంట్లు కట్టి పంపింది, వాటికి రాష్ట్రం పేరూ ఒక నంబరూ. రెజిమెంట్‌కి పది కంపెనీలు, నిండుగా ఉంటే వెయ్యి మంది. ఆఫీసర్లని వేసేది గవర్నరే. ఆ లెక్కలోనే 54వ మసాచుసెట్స్, కాకపోతే దీంట్లో సిపాయిలందరూ నల్లవాళ్ళు, పైన ఆఫీసర్లు తెల్లవాళ్ళు. 1863 జనవరి 1న దక్షిణాది బానిసలు ఇక స్వతంత్రులు అని లింకన్ విముక్తి ప్రకటన వచ్చాక గవర్నర్ జాన్ ఆండ్రూ పర్మిషన్ తెచ్చుకుని దీన్ని మొదలుపెట్టాడు. మసాచుసెట్స్‌లో నల్లవాళ్ళు అంతమంది లేరు, అందుకే న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఒహాయో, కెనడా దాకా మనుషుల్ని పంపి పిలిపించారు. నల్లవాళ్ళ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ ఊరూరా తిరిగి చేరమని చెప్పాడు, తన ఇద్దరు కొడుకులు లూయిస్, చార్ల్స్‌ని కూడా చేర్పించాడు. ఎదుటివాళ్ళ పిల్లల్ని పంపమని చెప్పి తన పిల్లల్ని ఇంట్లో పెట్టుకోలేదు ఆయన, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

చేరినవాళ్ళకి ఏం రాసిపెట్టుందో కూడా ముందే తెలుసు. పట్టుబడితే మామూలు యుద్ధ ఖైదీలుగా చూడం అని దక్షిణాది ప్రభుత్వం చెప్పేసింది, నల్ల సిపాయిలని రాష్ట్రాలకి అప్పజెప్తాం అంది, అంటే మళ్ళీ బానిసగా అమ్మెయ్యొచ్చు, ఉరెయ్యొచ్చు, వాళ్ళని నడిపించే తెల్ల ఆఫీసర్లకి మరణశిక్ష. ఇది తెలిసీ ఎంతమంది వచ్చారంటే 54 నిండిపోయి మిగిలినవాళ్ళతో 55వ రెజిమెంట్ కూడా కట్టాల్సొచ్చింది.

1863 మే 28న బోస్టన్ వీధుల్లో కవాతు చేసి ఓడెక్కారు, రోడ్ల నిండా జనం. కల్నల్ రాబర్ట్ గౌల్డ్ షా, ఇరవై అయిదేళ్ళవాడు, నీ కంటే రెండేళ్ళు పెద్ద, అంతే. పంపిందేమో సౌత్ కరోలినా తీరానికి. మొదట జార్జియాలో డేరియన్ అనే ఊరిని తగలబెట్టమని ఇంకో కల్నల్ ఆర్డరేస్తే షా చాలా బాధపడ్డాడు, ఇళ్ళలో మనుషులు లేని ఊరది, సిపాయి చెయ్యాల్సిన పనా ఇది అని. జులై 16న జేమ్స్ ఐలండ్‌లో మొదటి అసలు పోరాటం, అక్కడ వాళ్ళు గట్టిగా నిలబడబట్టే పక్కనున్న 10వ కనెక్టికట్ తెల్ల రెజిమెంట్ చుట్టుముట్టబడకుండా బయటపడింది.

ఆ రాత్రే వానలో, బురదలో, చిత్తడి నేలల మీద నడిపించారు, తిండి సరిగ్గా లేదు, నిద్ర లేదు, జులై 18 సాయంత్రానికి మోరిస్ ఐలండ్ చేరారు. ఎదురుగా ఫోర్ట్ వాగ్నర్. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క బురద, మధ్యలో సన్నటి ఇసక దారి, ఆ దారినే పోవాలి. పొద్దున్నించీ ఫిరంగులతో కొట్టారు కాబట్టి లోపల అందరూ చచ్చుంటారు అనుకున్నారు పైవాళ్ళు, కానీ లోపలివాళ్ళు ఇసకా దుంగలతో కట్టిన గదుల్లో దాక్కుని బానే ఉన్నారు. చీకటి పడే వేళకి ముందు వరసలో 54, దాదాపు 600 మంది. కందకం దాటి గోడ ఎక్కారు, షా గోడ మీదే పడిపోయాడు. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, కనపడకుండా పోయినవాళ్ళు కలిపి 270 మంది పైన. కోట దక్కలేదు. జెండా పట్టుకున్నతను పడిపోతే సార్జెంట్ విలియం కార్నీ అందుకున్నాడు, వర్జీనియాలో బానిసగా పుట్టినవాడు, ఒళ్ళంతా గాయాలతో పాక్కుంటూ వెనక్కొచ్చి జెండా నేలకి తగలనివ్వలేదు అని చెప్పాడు. దానికి మెడల్ ఆఫ్ ఆనర్, అంటే అక్కడి అతిపెద్ద సైనిక పతకం, ఇచ్చింది ఎప్పుడో తెలుసా, 1900లో, 37 ఏళ్ళ తర్వాత.

అదే వారంలో న్యూయార్క్‌లో నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా అల్లర్లు, తెల్ల గుంపులు నల్లవాళ్ళ ఇళ్ళ మీద పడ్డాయి. ఈ రెజిమెంట్‌లోనే సార్జెంట్ రాబర్ట్ సిమన్స్ అని బెర్ముడా నుంచి వచ్చినతను, ఇక్కడ వాగ్నర్ దగ్గర చెయ్యి పోగొట్టుకుని శత్రువుల చేతిలో చిక్కి చనిపోయాడు, అక్కడ న్యూయార్క్‌లో వాళ్ళక్కచెల్లెళ్ళ పిల్లాడు, ఏడేళ్ళ మేనల్లుడు, ఆ గుంపు చేతిలో చచ్చిపోయాడు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే వేసవిలో. సిమన్స్ తల్లి గురించి నేను క్లాసులో చెప్పినప్పుడు ఒక్కోసారి మధ్యలో ఆపెయ్యాల్సొచ్చేది.

షా శవాన్ని దక్షిణాదివాళ్ళు అతని సిపాయిలతో కలిపి ఒకే గోతిలో పూడ్చారు, అవమానం అనుకుని. అతని తండ్రి మాత్రం నా కొడుక్కి ఇంతకంటే మంచి చోటు లేదు, అక్కణ్ణించి కదపొద్దు అని రాశాడు.

సరే, ఇప్పుడు జీతం సంగతి.

చేరేటప్పుడు తెల్ల సిపాయిలతో సమానంగా నెలకి 13 డాలర్లు, బట్టలు అదనం అని మాటిచ్చారు. తీరా పే మాస్టర్ వచ్చి మీకు 10 డాలర్లే, అందులో బట్టలకి 3 తీసేస్తాం, చేతికి 7 అన్నాడు. ఎందుకట? 1862లో ఒక చట్టం చేశారు, అందులో సైన్యం దగ్గర పనిచేసే నల్ల కూలీలకి పది డాలర్లు అని ఉంది, మీరు నల్లవాళ్ళు కాబట్టి మీకూ అదే వర్తిస్తుంది అన్నారు. తుపాకీ పట్టుకుని వాగ్నర్ గోడ ఎక్కినవాళ్ళని చట్టం ప్రకారం కూలీల లెక్కలో రాశారు.

వాళ్ళేం చేశారంటే, ఒక్క డాలర్ కూడా తీసుకోలేదు. అలిగి ఇంటికీ పోలేదు, తుపాకులూ పడెయ్యలేదు. డ్యూటీ అంతా చేస్తూ, కందకాలు తవ్వుతూ, కాపలా కాస్తూ, యుద్ధం చేస్తూ, జీతం మాత్రం వద్దన్నారు. గవర్నర్ ఆండ్రూ మంచివాడు, తక్కువైన డబ్బు మా రాష్ట్రం ఇస్తుంది అని చట్టం చేయించి మరీ మనుషుల్ని పంపాడు. అదీ వద్దన్నారు! ఇక్కడే నేను ఆగిపోతా ప్రతిసారీ. చేతికొచ్చే మొత్తం అంతే కదా, ఎవరిస్తే ఏంటి అని ఎవరైనా అంటారు. కానీ వాళ్ళ లెక్క వేరు, మేం దేశం సిపాయిలం, దేశమే ఒప్పుకుని ఇవ్వాలి, దయతల్చి ఇంకెవరో నింపితే మమ్మల్ని తక్కువ అన్నమాట అలాగే ఉండిపోతుంది అని.

నీకు ఇంకో సంగతి చెప్పలేదు ఎప్పుడూ. గవర్నమెంట్ పోస్ట్ రాకముందు నేనొక ప్రైవేట్ స్కూల్లో చేశాను కదా, అక్కడ మగ టీచర్లకి ఒక జీతం, ఆడవాళ్ళకి ఒక జీతం, క్లాసులు మాత్రం సమానం. సంతకం పెట్టి తీసుకునేవాళ్ళం, ఇల్లు గడవాలి, నువ్వు పాలడబ్బా వయసులో ఉన్నావు. అందుకే నాకు వీళ్ళ విషయంలో సిపాయిల కంటే ముందు వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు గుర్తొస్తారు. పద్దెనిమిది నెలలు ఇంటికి పైసా రాలేదు నాన్నా. పిల్లలకి తిండి లేదు, అద్దె కట్టలేదని బయటికి పొమ్మంటున్నారు అని ఉత్తరాలొచ్చేవి క్యాంపుకి, కొందరి కుటుంబాలు పేదల ఆశ్రమాల పాలయ్యాయి. ఆ ఉత్తరం చదువుకుని మర్నాడు పే మాస్టర్ ముందుకెళ్ళి వద్దు అనాలి. కోట గోడ ఎక్కడం ఒక సాయంత్రం పని, భయం ఉన్నా పక్కన వందల మంది ఉంటారు. ఇది ప్రతి నెలా చెయ్యాల్సింది.

కార్పొరల్ జేమ్స్ హెన్రీ గుడింగ్ అని న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి వచ్చినతను 1863 సెప్టెంబర్‌లో నేరుగా లింకన్‌కే ఉత్తరం రాశాడు. మేం సిపాయిలమా, కూలీలమా అని అడిగాడు అందులో. ఎంత మర్యాదగా, ఎంత సూటిగా రాశాడో, ఆన్‌లైన్లో దొరుకుతుంది, తప్పకుండా చదువు. అతను తర్వాత ఫ్లోరిడాలో పట్టుబడి ఆండర్సన్‌విల్ జైల్లో 1864 జులైలో చనిపోయాడు. సమాన జీతం చట్టం అయింది 1864 జూన్‌లో.

అందరికీ ఇలా కుదిరిందనుకోకు. 3వ సౌత్ కరోలినా అనే ఇంకో నల్ల రెజిమెంట్‌లో సార్జెంట్ విలియం వాకర్ ఇదే జీతం గురించి తన కంపెనీతో తుపాకులు కింద పెట్టించాడు, దాన్ని తిరుగుబాటు అని 1864 ఫిబ్రవరి 29న అతన్ని సొంత సైన్యమే కాల్చి చంపింది. ఆ గీత ఎక్కడుందో 54 వాళ్ళకి బాగా తెలుసు, దాని మీదే నడిచారు అన్ని నెలలూ.

ఆ ఫిబ్రవరిలోనే, 20న, ఫ్లోరిడాలో ఓలస్టీ యుద్ధం. మన పక్షం చిత్తుగా ఓడిపోయింది (మన పక్షం అనేశా చూడు, ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ అలా అలవాటైంది). వెనక్కి వచ్చేవాళ్ళని కాపాడ్డానికి 54ని ముందుకి పంపితే వాళ్ళు అరుచుకుంటూ వెళ్ళిన నినాదం ఏంటో తెలుసా, మసాచుసెట్స్‌కి జై, నెలకి ఏడు డాలర్లకి జై అని! అప్పటికి ఆ ఏడు కూడా ముట్టుకోలేదు వాళ్ళు. తిరుగుదారిలో గాయపడ్డవాళ్ళతో నిండిన రైలుకి ఇంజన్ పాడైతే, మైళ్ళ కొద్దీ నడిచి కాళ్ళు పుళ్ళుపడ్డ ఈ మనుషులే వెనక్కెళ్ళి పెట్టెలకి తాళ్ళు కట్టి లాక్కొచ్చారు. ఆ గాయపడ్డవాళ్ళని అక్కడే వదిలేసుంటే శత్రువుల చేతిలో పడేవాళ్ళు.

చివరికి చట్టం వచ్చింది కానీ అందులోనూ ఒక మెలిక, 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రులుగా ఉన్నవాళ్ళకే చేరిన రోజు నుంచి పూర్తి బకాయి. అంటే నిన్నటిదాకా బానిసగా ఉన్నవాడికి తక్కువ. షా తర్వాత వచ్చిన కల్నల్ ఎడ్వర్డ్ హాలోవెల్ ఒక ప్రమాణం రాశాడు, ఆ తేదీ నాటికి నేను ఎవరికీ ఊరికే చాకిరీ చెయ్యాల్సిన బాకీ లేను అని. బానిసగా పుట్టినవాడు కూడా గుండె మీద చెయ్యేసుకుని ఆ మాట అనగలడు కదా, ఎవడికి బాకీ వాళ్ళు! అందరూ ప్రమాణం చేశారు. 1864 సెప్టెంబర్ ఆఖర్లో రెజిమెంట్ మొత్తానికి లక్షా డెబ్బై వేల డాలర్లు వచ్చాయి, చాలామంది వెంటనే ఇళ్ళకి పంపేశారు. ఆ వారం ఆ ఇళ్ళల్లో పొయ్యిల సంగతి తల్చుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి నాకు.

మిగతా సర్వీస్ తొందరగా చెప్పేస్తా. స్టీఫెన్ స్వెయిల్స్ అనే సార్జెంట్‌ని గవర్నర్ ఆఫీసర్‌గా వేస్తే నల్లవాడని వార్ డిపార్ట్‌మెంట్ నెలల తరబడి ఒప్పుకోలేదు, 1865 జనవరికి ఒప్పుకుంది. 1864 నవంబర్ 30న హనీ హిల్‌లో ఓటమి. ఆఖరి పోరాటం 1865 ఏప్రిల్ 18న బాయ్‌కిన్స్ మిల్ దగ్గర, అప్పటికి దక్షిణాది సేనాని లీ లొంగిపోయి తొమ్మిది రోజులు, లింకనూ లేడు, ఆ వార్త వీళ్ళకి అందలేదు, అక్కడా ప్రాణాలు పోయాయి. ఆగస్టు 20న రెజిమెంట్‌ని రద్దుచేశారు, సెప్టెంబర్ 2న బోస్టన్‌లో చివరి కవాతు.

బోస్టన్‌లో స్టేట్ హౌస్ ఎదురుగా బీకన్ స్ట్రీట్‌లో ఉన్న ఈ రెజిమెంట్ కంచు శిల్పం 1897 మే 31న ఆవిష్కరించారు, అగస్టస్ సెయింట్ గాడెన్స్ దాదాపు 14 ఏళ్ళు తీసుకున్నాడు. గుర్రం మీద షా, పక్కన నడిచే సిపాయిలు, ఆ మొహాలకి నల్లవాళ్ళని ఎదురుగా కూచోపెట్టుకుని చేశాడు, ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. వెనకవైపు మొదట చనిపోయిన తెల్ల ఆఫీసర్ల పేర్లే చెక్కారు, చనిపోయిన సిపాయిల పేర్లు ఎక్కింది 1980ల్లో. నువ్వు ముందువైపు నుంచే చూసొచ్చుంటావు, ఈసారి వెనక్కెళ్ళి పేర్లు కూడా చదువు.

అక్కణ్ణించి నడుచుకుంటూ వెళ్తే జాయ్ స్ట్రీట్ పక్కన ఆఫ్రికన్ మీటింగ్ హౌస్ ఉంది, ఈ రెజిమెంట్‌కి మనుషుల్ని చేర్చుకున్న చోటు, ఇప్పుడు మ్యూజియం. వాళ్ళు ట్రైనింగ్ అయిన క్యాంప్ మెయిగ్స్ రీడ్‌విల్‌లో, దానికి ట్రైన్ ఉంది. మీ రూమ్మేట్ పిల్లాడు హిస్టరీ అంటే ఇష్టం అన్నావు కదా, అతన్నీ తీసుకెళ్ళు. వెళ్ళేటప్పుడు ఆ మందపాటి జాకెట్ వేసుకో, గాలి ఎక్కువంటున్నావు. మీ నాన్న బీపీ కంట్రోల్లోనే ఉంది, రోజూ నడుస్తున్నారు, నీకు ఆవకాయ పంపుదామని ప్యాక్ చేయిస్తున్నారు. గుడింగ్ ఉత్తరం చదివాక ఫోన్ చెయ్యి, నీకేమనిపించిందో నాకు వినాలనుంది.

ప్రేమతో
అమ్మ